టర్నౌట్ అని రాసి కొట్టేశాను

శనివారం, రాత్రి పదిన్నర.

బడి వదిలాక హెచ్‌ఎం మేడమ్ పిలిచి ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టారు. "జనవరి 25 దగ్గరికొచ్చింది కదమ్మా, ఓటర్ల దినోత్సవం కాగితం. తెలుగులో రాసి సోమవారం తెచ్చెయ్యి" అన్నారు. తెలుగు టీచర్ని కాబట్టి ఇలాంటివి నాకే వస్తాయి, నాకూ ఇష్టమే. ఒక్క పేజీ. బస్సులో సీటు దొరికింది. ముషీరాబాద్ దాటేలోపే చదివేశాను. చిలకలగూడలో దిగేటప్పటికి అరగంట పని అనుకున్నాను. ఇప్పుడు పదిన్నరైంది, ఒక్క మాట దగ్గరే ఉన్నాను.

టర్నౌట్, అంటే ఎంతమంది వచ్చారన్నది. పేజీలో రెండుసార్లు ఉంది. పైన, నగరాల్లో ఓటర్ల టర్నౌట్ తక్కువగా ఉంటోంది అని. కింద, పిల్లల ర్యాలీకి మంచి టర్నౌట్ ఉండేలా చూడండి అని. రాసినవాళ్లకు రెండుచోట్లా ఒకే మాట సరిపోయింది. తెలుగులో నేను పై వాక్యానికి "పోలింగ్ శాతం" అని, కింది వాక్యానికి "హాజరు" అని రాసుకున్నాను. రెండూ తప్పు కాదు. కానీ చదువుకుంటే రెండూ నచ్చలేదు. టర్నౌట్ అనే పెట్టేద్దామా అని రెండుచోట్లా రాసి, మళ్లీ కొట్టేశాను.

అన్నం తినేటప్పుడు మా ఆయన్ని అడిగాను. ఆయన రైల్వేలో ట్రాక్ పని చూస్తారు. "టర్నౌట్ అంటే పాయింట్లే కదా, బండి ఒక లైను మీదికెళ్లి ఇంకో లైనుకు మళ్లే జాగ. వన్ ఇన్ ట్వెల్వ్, వన్ ఇన్ ఎయిట్ అండ్ హాఫ్ అని ఉంటయి" అన్నారు. పన్నెండు అడుగులు ముందుకు పోయేసరికి పక్కకు ఒక్క అడుగు జరిగే మళ్లింపు వన్ ఇన్ ట్వెల్వ్ అట. ఇరవై ఏళ్లుగా ఇంట్లో వింటున్న మాటే, ఇదే మాటని ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. మా బడిలో ఎన్‌సీసీ సారుకైతే టర్నౌట్ అంటే యూనిఫాం ఇస్త్రీ, బెల్టు మెరుపు, బూట్ల పాలిష్. "ఫలానా అబ్బాయి టర్నౌట్ బాగుంది" అంటే వాడు నీటుగా తయారై వచ్చాడని.

నాకు ఈ మాట మొదటిసారి గట్టిగా చెవినబడింది ఎలక్షన్ డ్యూటీలో. 2024 మే 13, లోక్‌సభ ఎన్నికలు. అంబర్‌పేటలో ఒక బడిలో నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే ఆ బూత్ బాధ్యురాలిగా వేశారు. ముందురోజే యంత్రాలు తీసుకుని వెళ్లి, రాత్రి అక్కడే చాప వేసుకుని పడుకున్నాం. తెల్లవారుజామునే పార్టీల ఏజెంట్ల ముందు మాక్ పోల్, అంటే యంత్రం పరీక్షకు ఉత్తుత్తి పోలింగ్, కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేసి, సీలు వేసి, ఏడు గంటలకు మొదలుపెట్టాం. ఆ తర్వాత రెండు గంటలకోసారి ఫోను. తొమ్మిదికి, పదకొండుకు, ఒంటిగంటకు, మూడుకు, అయిదుకు. "మేడమ్, టర్నౌట్ చెప్పండి." మగవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది. ఓటింగ్ యంత్రంలో మా దగ్గరుండే కంట్రోల్ యూనిట్ మీద టోటల్ మీట నొక్కితే ఒక అంకె వస్తుంది, ఓటర్ల సంతకాలు తీసుకునే 17ఎ రిజిస్టర్లో చివరి సంతకం పక్కనున్న నంబరుతో అది సరిపోవాలి. ఆ అంకెని జాబితాలోని మొత్తం పేర్లతో భాగించి వందతో గుణిస్తే శాతం. పొద్దున్నుంచీ నా కళ్ల ముందు నడిచివచ్చిన మనుషులందరూ ఆ అంకెలో ఉన్నారు.

అప్పటికి బాగా అలసిపోయి ఉన్నా. అయినా ఆరోజు చివరి పది నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఎండల వల్ల ఆరోజు పోలింగ్ వేళ సాయంత్రం ఆరుదాకా పెంచారు. ఆరు కొట్టగానే లైనులో ఉన్నవాళ్లకు మేం సంతకం పెట్టిన చీటీలు ఇవ్వాలి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఓటు లేదు. చీటీలు ఇచ్చే పద్ధతి ఉంది. ముందున్న మనిషి నుంచి కాదు, లైను చివర నిలబడిన మనిషి నుంచి మొదలుపెట్టాలి. ఆ చివరి మనిషికి ఒకటో నంబరు. అలా అయితేనే వెనక ఇంకెవరూ చేరడానికి వీలుండదు. మా బూత్‌లో అప్పుడు తొమ్మిది మంది. చివర ఒక పెద్దావిడ, మనవరాలి భుజం పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్లు బాగా వాచి ఉన్నాయి. చీటీ చేతిలో పెడితే దానివంక చూసి, "ఒకటా? గట్లయితే నేనే ముందుగాల పోవాల్నా బిడ్డా?" అంది. కాదమ్మా, ఇది వెనకనుంచి లెక్క అని చెప్పబోతున్నాను. అప్పటికే ముందున్న ఎనిమిది మంది పక్కకు జరిగారు. "పో అవ్వా, పో" అన్నారు. ఆమె నడిచి వచ్చి, వేలిముద్ర వేసి, వేలికి సిరా పూయించుకుని, లోపలికి వెళ్లింది. బీప్ వినబడింది. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి మా అందరివంకా చూసి తల ఊపింది.

తర్వాత మిగతా ఎనిమిది మంది. ఆపైన క్లోజ్ మీట, పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం నింపడం, ఏజెంట్లకు నకళ్లు. మా బూత్‌లో సగం కూడా దాటలేదు. సికింద్రాబాద్ స్థానం మొత్తం 49.04, హైదరాబాద్ స్థానం 48.48 అని తర్వాత పేపర్లో చూశాను. రాష్ట్రం మొత్తం 65 దాటింది, మా పుట్టింటివైపు భువనగిరిలో 76. పేపర్లన్నీ "బద్ధకించిన భాగ్యనగరం" అన్న ధోరణిలోనే రాశాయి. 2020 బల్దియా (జీహెచ్‌ఎంసీ) ఎన్నికల్లో 46.55 వచ్చినప్పుడూ అంతే, మొన్న జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో 48 దగ్గర ఆగినప్పుడూ అంతే. ఆ కోపం నాకూ ఉంది. మా వీధిలోనే గేటెడ్ అపార్ట్‌మెంట్లో ఎంతమంది ఇంట్లో కూర్చుని టీవీ చూశారో నాకు తెలుసు.

కానీ ఆ కోపమంతా శాతం మీద ఆధారపడి పెంచుకోవడం న్యాయం కాదని నాకు అనిపించేది కూడా ఆ బూత్ వల్లే. జాబితా చేతిలో పట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది. ఇల్లు మారి ఏళ్లయినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు అలాగే ఉన్నాయి. ఏజెంట్లే చెప్పేవారు, "ఈయన పోయి మూడేండ్లాయె మేడమ్" అని. రాలేనివాళ్లు కూడా రానివాళ్ల లెక్కలోనే పడతారు. ఇంకోవైపు, ఆ ఎన్నికల్లో 85 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు. అడుగు బయట పెట్టకుండా వేసిన ఆ ఓటూ టర్నౌట్‌లోనే కలుస్తుంది.

ఆ ఎన్నికల్లోదే ఇంకో సంగతి. మా తమ్ముడిది చౌటుప్పల్. పోలింగ్‌కు ముందు రెండురోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా ఆగిపోయాయో ఫోన్లో చెప్పాడు. ఆంధ్రాలోనూ మే 13నే ఎన్నిక, అక్కడ అసెంబ్లీకి కూడా. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు సొంతూళ్లకు బయల్దేరారు. "పండగకైనా ఇంతమంది పోరక్కా" అన్నాడు. ఆంధ్రాలో పోలింగ్ 80 దాటింది. మా నగరం వీధులు వెలవెలబోయాయి. ఓటు వేయడానికి రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లినవాళ్లున్నారు. మరి వాళ్లలో ఎవరి పేరైనా ఇక్కడి జాబితాలో ఇంకా మిగిలి ఉంటే, ఇక్కడి లెక్కలో వాళ్లు బద్ధకస్తులు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు ఉండాలన్నది చట్టం, జాబితాల్లో మాత్రం పాత పేర్లు త్వరగా పోవు.

అందుకే ఓటర్ల విషయంలో టర్నౌట్ అంటే ఒక భాగహారం. కింద ఒక జాబితా ఉంటేనే ఆ మాటకు అర్థం. ర్యాలీకో సభకో ఆ జాబితా ఎక్కడుంది? బోనాలకు లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు అని ఎవరైనా లెక్క కడతారా? అక్కడ కంటికి కనిపించేదే లెక్క. ఆ కంటి లెక్కకు మనకున్నన్ని మాటలు ఇంకే విషయానికీ ఉండవేమో. పోటెత్తారు, కిక్కిరిసింది, ఇసుకేస్తే రాలనంత జనం, జనసంద్రం. తక్కువైతే పలచగా ఉన్నారు, అంతంత మాత్రం, వెలవెలబోయింది. మా వైపైతే ఒక్కటే మాట, మంది. "మంది మస్తుగొచ్చిన్రు." "ఏం మంది లేరు." నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే. ఓట్ల రోజున మాత్రం పేపర్లవాళ్లు ఓటునూ పోటెత్తడాన్నీ కలిపేసి "ఓటెత్తారు" అని శీర్షిక పెడతారు. ఎన్నిసార్లు చూసినా ఆ మాట కట్టినవాళ్లెవరో మెచ్చుకోబుద్ధవుతుంది.

ఇంతవరకూ వచ్చాక అసలు చిక్కు ఎక్కడుందో తెలిసింది. టర్నౌట్ అన్నది పేరు. అందులో కదిలిన మనిషి కనబడడు. తెలుగులో ఈ విషయం చెప్పాలంటే క్రియ కావాలి. క్రియ వచ్చిందంటే ఎవరు కదిలారో, ఎవరు కదిలించారో చెప్పక తప్పదు. జనం తరలివచ్చారు అనాలి, లేదా జనాన్ని తరలించారు అనాలి. రెంటికీ మధ్య ఒక్క "ఇంచు" తేడా. పేపర్ చదివేవాళ్లందరికీ ఆ తేడా తెలుసు. తరలించారు అని రాశారంటే లారీలు, డీసీఎంలు, బిర్యానీ పొట్లాలు కళ్ల ముందుకు వస్తాయి. మా తమ్ముడు ఇంకా సూటిగా చెప్తాడు, "మందిని తోలుకొచ్చిన్రు" అని. ఇంగ్లీషులో ఆ సభకూ టర్నౌట్ బాగుందనే అంటారు, తమంతట తాము నడిచివచ్చిన సభకూ టర్నౌట్ బాగుందనే అంటారు.

ఓటు విషయంలో చట్టం కూడా ఈ తేడా పట్టించుకుంది. అభ్యర్థి తరఫున బండి మాట్లాడి ఓటర్లను ఉచితంగా బూత్‌కు చేరవేస్తే 1951 చట్టం కింద అది అవినీతి చర్య, గెలిచినవాళ్ల ఎన్నిక కూడా దానివల్ల పోవచ్చు. ట్రైనింగ్ క్లాసులో ఇది విన్నప్పుడు కొత్తగా అనిపించింది. సభకు బండ్లలో జనాన్ని తెచ్చుకోవచ్చు, ఆ ఖర్చు లెక్కలో చూపించాలి. బూత్‌కు మాత్రం మనిషి తనంతట తానే రావాలి. 2022 మునుగోడు ఉపఎన్నికలో 93 శాతం పోలైనప్పుడు మా తమ్ముడికి ఫోన్ చేసి నేను అడిగిన మొదటి మాట, "వచ్చిన్రా, తెచ్చిన్రా?" వాడు కాసేపు ఆగి, "అమ్మ అయితే నడిచే పోయిందక్కా, నేను బండి మీద ఎక్కించుకుంటనన్నా వినలే" అన్నాడు. అంతకంటే ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక హాజరు. రోజూ పొద్దున్నే పిలిచే మాట, నాకు చనువైన మాట. ఓటరు జాబితా కూడా హాజరుపట్టీ లాంటిదే, పేర్లుంటాయి, వచ్చినవాళ్ల పేరు కింద గీత పడుతుంది. అయినా ఓటుకు హాజరు కుదరదు. హాజరు కావడమంటే ఎవరో పిలిచినచోటికి వెళ్లి జవాబు చెప్పుకోవడం, బడిలో, కోర్టులో, స్టేషన్లో. ఆ పెద్దావిడ ఎవరికీ జవాబు చెప్పుకోవడానికి రాలేదు. పిల్లల ర్యాలీకి హాజరు అని రాస్తే మాత్రం అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే మనం చేసేది అదే. ఏడో తరగతి నుంచి పదిదాకా వరుసల్లో నిలబెట్టి, ప్లకార్డులిచ్చి, రోడ్డు మీద నడిపిస్తాం. రానివాళ్ల పేర్లు రాసుకుంటాం. ఇష్టంగా కదిలి వచ్చి వేయాల్సిన ఓటు గురించి చెప్పే ర్యాలీకి పిల్లల్ని తరలించడం నాకు ఈ రాత్రి చాలా ఇబ్బందిగా ఉంది. పోయినేడు కూడా నేనే వరుసలు కట్టించాను.

పదకొండుంపావు. చివరికి ఇలా రాశాను.

పై వాక్యం: "మన నగరంలో ఓటరు జాబితాలో పేరున్నవారిలో సగం మంది కూడా ఓటు వేయడానికి రావడం లేదు." పొడుగైంది, కానీ చదివినవాళ్లకు మనుషులు కనబడతారు.

కింది వాక్యం రెండు రకాలుగా రాశాను. ఒకటి, కాగితంలో ఉన్నదానికి సరిపోయేది: "ర్యాలీకి విద్యార్థులు పెద్దసంఖ్యలో హాజరయ్యేలా చూడాలి." రెండోది, నేను అడగాలనుకుంటున్నది: "ర్యాలీ ఎందుకో పిల్లలకు ముందురోజే చెప్పండి, వస్తామన్నవారితో నడవండి." రెండూ తీసుకెళ్లి సోమవారం ప్రేయర్‌కు ముందే హెచ్‌ఎం మేడమ్ బల్లమీద పెడతాను. రెండోది ఒప్పుకుంటే ఎనిమిదో తరగతిలో ఆ ఒకటో నంబరు చీటీ సంగతి చెప్పాలి.