రాజీనామా రాయకుండా బయటికొస్తే చేతికొచ్చేది ఎంత

రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ పని నాది. 2023లో అట్టపెట్టె మడిచి టేపు వేసే మెషిన్లు దిగాయి, లోడింగ్ కాంట్రాక్టరు చేతికి పోయింది. కంపెనీవాళ్ళు టైపు చేసిన రాజీనామా కాగితం ముందుపెట్టి "సంతకం పెట్టేయన్నా, సెటిల్‌మెంట్ రేపే వేసేస్తాం" అన్నారు. పెట్టలేదు. మెలికంతా ఆ కాగితంలోనే ఉంది. సంతకం పెడితే మనంతట మనమే మానుకున్నట్టు, తొలగింపు పరిహారం అడిగే దారే ఉండదు.

అప్పటికి నడుస్తున్నది 1947 పారిశ్రామిక వివాదాల చట్టం. మెషిన్ల వల్ల మనుషుల్ని తీసేసే పరిస్థితి వస్తే సెక్షన్ 9ఏ కింద 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇది చాలామందికి తెలీదు, యాజమాన్యాలు గుర్తుచెయ్యవు. 25ఎఫ్ కింద నెల నోటీసు గానీ నెల జీతం గానీ, దానిపైన సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు జీతం. ఆరు నెలలు దాటిన ముక్క కూడా ఏడాది కిందే లెక్క. డబ్బు తీసేసేటప్పుడే చేతికి రావాలి.

మొత్తం జీతం 18,000, అందులో బేసిక్, డీఏ కలిపి 13,000, సర్వీసు 7 ఏళ్ళ 8 నెలలు అనుకోండి. ఆ చట్టం కింద పరిహారానికి అలవెన్సులూ కలిసేవి, 15 రోజులకి సగం జీతం: 9,000 × 8 = 72,000. గ్రాట్యుటీకి, అంటే చేసిన ఏళ్ళని బట్టి ఇచ్చే డబ్బుకి, ఇంటద్దె కలవదు, నెలని 26తో భాగిస్తారు: 13,000 ÷ 26 × 15 × 8 = 60,000. నోటీసు జీతం 18,000. నాకు ముందు చూపించిన సెటిల్‌మెంట్ షీటులో గ్రాట్యుటీ ఒక్కటే ఉంది, అదీ 30తో భాగించి.

షీటు కాపీ, పే స్లిప్పులు, ఐడీ కార్డు జిరాక్సులతో తిరుపతి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. అక్కడ రాజీ కుదరకుండా 45 రోజులు దాటితే అప్పట్లో నేరుగా లేబర్ కోర్టుకి పోయే వీలుండేది. చర్చల నోటీసు అందాక లెక్క సరిచేశారు, అంతదూరం పోలేదు.

పీఎఫ్‌లో ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే. జాయింట్ డిక్లరేషన్‌తో (వివరాలు దిద్దమని ఇచ్చే దరఖాస్తు) ముందు అది సరిచేయించుకుని, తర్వాతే పీఎఫ్ డబ్బుకి ఫారం 19, పెన్షన్ భాగానికి 10సీ వెయ్యాలి. మానేసిన తేదీ కంపెనీ ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలలకి మనమే ఎక్కించుకోవచ్చు.

మళ్ళీ మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్ళనే ముందు పిలవాలని ఆ చట్టంలో 25హెచ్ చెప్పేది. కొత్తవాళ్ళని కాంట్రాక్టరు రోల్స్‌లో వేసుకుంటే ఆ మాట ఎవరు అడుగుతారు?

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. ఏడాదికి 15 రోజుల లెక్క అలాగే ఉంది. అదనంగా, కొత్త పని నేర్చుకోడానికి ఇంకో 15 రోజుల జీతం తీసేసిన 45 రోజుల్లో ఖాతాలో పడాలి. ఇప్పుడు బయటికొచ్చేవాళ్ళు ఆ డబ్బు పడిందో లేదో కూడా చూసుకోండి.