బుసాన్ వెళ్తే యోంగ్‌డో మాత్రం వదలొద్దు

దక్షిణ కొరియాలోని బుసాన్ అనగానే అందరూ హెయుండే బీచ్ ఫోటోలే పెడతారు. బీచ్ బానే ఉంటుందిలెండి, కాదనను, కానీ చేతిలో ఒక్క రోజే ఉంటే మాత్రం నేను యోంగ్‌డోకే పొమ్మంటా. బుసాన్‌లో అదొక జిల్లా, జిల్లా మొత్తం దీవే. నాంపో సబ్‌వే స్టేషన్‌లో దిగి వంతెన మీద నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు.

అసలు ఆ వంతెనే చూడాలి. మొదట 1934లో కట్టారు, ఓడలకి దారివ్వడానికి ఒక వైపు ముక్క మొత్తం రోడ్డు గీతలతో సహా పైకి లేచి నిలబడుతుంది. 1966లో ఎత్తడం ఆపేశారు, వంతెన తిరగ కట్టాక 2013లో మళ్ళీ మొదలెట్టారు, ఇప్పుడు శనివారం మధ్యాహ్నం 2 గంటలకి ఎత్తుతున్నారు కాబట్టి ప్లాన్ దాన్ని బట్టి వేసుకోండి. కొరియా యుద్ధం అప్పుడు ఉత్తరం నుంచి పారిపోయొచ్చిన వాళ్ళకి బుసాన్‌లో తెలిసిన గుర్తు ఇదొక్కటే, తప్పిపోతే ఇక్కడే కలుద్దాం అనుకునేవాళ్ళట, మనవాళ్ళు బతికున్నారా లేదా అని అడగడానికి జనం వస్తుంటే వంతెన కింద జోస్యం చెప్పేవాళ్ళ కొట్లు కూడా వెలిశాయి. ఇది తెలిసి చూస్తే ఆ వంతెన వేరేగా కనిపిస్తుంది.

దిగగానే కుడిచేతి వైపు ఓడల రిపేరు వీధులు, కంకాంగీ ఊరు అంటారు. ఒకప్పుడు ఆడవాళ్ళు ఓడల పక్కన వేలాడుతూ సుత్తులతో తుప్పు రాలగొట్టి పిల్లల్ని చదివించుకున్న చోటు. గోడల మీద బొమ్మలు వేశారు గానీ నాకైతే లంగర్లు, గొలుసులు, గ్రీజు వాసనే నచ్చాయి.

హిన్నియోల్ ఊరు ఇన్‌స్టాలో చూసే ఉంటారు, కొండ అంచున తెల్ల ఇళ్ళు, మనిషి పక్కకి తిరిగితే గానీ దారివ్వలేనంత సన్న సందులు, కింద సముద్రంలో రిపేరుకో ఆయిల్‌కో వెయిట్ చేస్తూ పెద్ద పెద్ద ఓడలు. అక్కడ జనం ఇంకా కాపురాలు ఉంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి ప్లీజ్. కేఫ్‌లు ఎక్కువైపోయాయి, నేనైతే మెట్లు దిగి కింద తీరం వెంబడి దారిలో నడవమంటా.

దీవి చివర్లో థేజోంగ్డే అనే పార్కు. కొండచరియలు నిలువునా సముద్రంలోకి దిగిపోతాయి, 1906 నాటి లైట్‌హౌస్ స్టేషన్ ఉంది, ఆకాశం క్లియర్‌గా ఉంటే జపాన్ వాళ్ళ త్సుషిమా దీవి కూడా కనిపిస్తుంది. లోపల దనుబి అనే, రైలులా ఉండే టైర్ల బండి తిరుగుతుంది, ముసలివాళ్ళు ఉంటే ఎక్కండి, లేకపోతే చెట్ల నీడలో నడకే హాయి. గులకరాళ్ళ ఒడ్డున హెన్యోలు, అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలో మునిగి నత్తలూ అవీ ఏరే ఆడవాళ్ళు, పట్టింది అక్కడే కోసి పచ్చిగానే పెడతారు. ధర ముందే అడిగి కూర్చోండి.

పిల్లలుంటే నేషనల్ మారిటైమ్ మ్యూజియం కూడా ఈ దీవిలోనే ఉంది. తిరిగి నాంపోకి సిటీ బస్సులుంటాయి, దిగాక ఓపికుంటే పక్కనే జగల్చి చేపల మార్కెట్.