నల్లపావుల పాఠం

1987లో మేం తొమ్మిదో తరగతి. శుక్రవారం ఆఖరి పీరియడు అయ్యాక లెక్కల మాస్టారు సైన్సు గదిలో చదరంగం బల్ల పరిచేవారు. నల్లపావులు వంతుకొస్తే ఎవరికైనా ముఖం వాడిపోయేది. మొదటి ఎత్తు ఎదుటివాడిది, మనం కాచుకోవడానికే కూర్చున్నామనిపించేది.

ఒక శుక్రవారం ఆయన మాచేత ఆడించలేదు. నోటుపుస్తకంలో రాసుకున్న ఎత్తులు చదువుతూ తానే పావులు జరిపారు. 1907లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని లోడ్జ్ నగరంలో జరిగిన టోర్నమెంటు ఆట అది. తెల్లపావులతో రోట్లెవీ, నల్లపావులతో అకీబా రూబిన్‌స్టీన్. 22వ ఎత్తులో తెల్లబంటు ఒకటి ముందుకొచ్చి నల్లమంత్రిని బెదిరించింది. మాస్టారు ఆగారు.

"మంత్రిని ఎక్కడికి తీస్తారు?"

తలా ఒక గడి చెప్పాం. ఆయన ఏమీ అనకుండా, పావులు చెదరకుండా బల్లను బీరువాలో పెట్టి తాళం వేశారు. వారమంతా నా లెక్కల పుస్తకం వెనకపేజీల నిండా అవే గడులు.

రూబిన్‌స్టీన్ మంత్రిని అసలు తీయనేలేదు. ఏనుగుతో గుర్రాన్ని కొట్టాడు. మంత్రి పోయింది. మరుసటి ఎత్తులో రెండో ఏనుగునూ తెల్లమంత్రికి అప్పగించాడు. ఐమూలగా రెండు శకట్లు తెల్లరాజును బిగించాయి. 25వ ఎత్తులో మిగిలిన ఏనుగు పక్కకు జరగగానే రోట్లెవీ ఓటమి ఒప్పుకున్నాడు. మేం ఎనిమిదిమందిమీ ఊపిరి బిగపట్టి చూశాం. నా మటుకు చదరంగంలో అంతకన్నా అందమైన ఆట లేదు. ఆ తరువాత నల్లపావులు నేనే అడిగి తీసుకునేవాణ్ని.

2013 జనవరి 15 సాయంత్రం నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఆనంద్ నల్లపావులతో ఆర్మేనియా ఆటగాడు అరోనియన్‌ను 23 ఎత్తుల్లో ఓడించాడు. తెరమీద అవే రెండు శకట్లు, అదే ఐమూల! వెంటనే మాస్టారికి ఫోను చేశాను. అప్పటికి ఆయన పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. నేను ఎత్తులు చదువుతుంటే అవతల పావులు కదులుతున్న చప్పుడు వినిపించింది. తెల్లపావుల 16వ ఎత్తుకు నల్లశకటు, గుర్రం, ఏనుగు మూడూ దెబ్బకు అందేలా ఉన్నాయి.

"ఆగు, ఇక చెప్పకు," అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున ఫోను మోగింది. "రెండో గుర్రాన్ని కూడా బంట్ల నోటికి, ఈ5 గడిలోకి పంపాడు. అంతేనా?"

"అంతే మాస్టారూ."

"సరే, తరువాతవి చదువు."