చీనీ తోటకు సోలార్ మోటారు: ముందు బోరును కొలిచాకే

అనంతపురం జిల్లా నార్పల దగ్గరి మా చీనీ (బత్తాయి) తోటకు కరెంటు లైను చాలా దూరం. సోలార్ మోటారు కోసం అడిగిన ప్రతిచోటా "5 హెచ్‌పీ వేయించుకోండి" అన్నారు. పీఎం కుసుమ్ (రైతుల సోలార్ పంపులకు కేంద్ర పథకం) సబ్సిడీ దానికీ ఉంది కదా అని ఒప్పుకోలేదు, ముందు బోరును కొలిచాను. 3 హెచ్‌పీ సరిపోతుందని తేలింది.

బోరు లోతు 420 అడుగులు. కానీ లెక్కకు కావలసింది మోటారు నడుస్తుండగా నీళ్లు నిలబడే మట్టం. మే నెలలో, ఊట బాగా తగ్గినప్పుడు, జనరేటరూ అద్దె మోటారూ తెచ్చాను. మోటారు దింపేటప్పుడే పైపు వెంబడి అరంగుళం పైపు కట్టించాను. అందులో వదిలిన తాడు కేబులుకు చుట్టుకోదు. తాడు చివర నట్టు కట్టి వదలాలి. దిగిన పొడవులోంచి తడిసిన భాగం తీసేస్తే నీటి మట్టం. మొదట 140 అడుగులు ఉంది. నాలుగు గంటలు ఆపకుండా తోడాక 260 దగ్గర నిలిచింది. అప్పుడు 200 లీటర్ల డ్రమ్ము 150 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 80 లీటర్లు.

ఆ 260కి తొట్టి ఎత్తు, పైపు రాపిడి కలిపితే 300 అడుగులు, సుమారు 91 మీటర్లు. ఇంత ఎత్తుకు 3 హెచ్‌పీకి వేసే 3,000 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండరోజున దాదాపు 30 వేల లీటర్లు ఎత్తుతాయి. రెండెకరాల్లో 220 చెట్లు. డ్రిప్పులో చెట్టుకు 120 లీటర్లిచ్చినా 26,400. 5 హెచ్‌పీ అయితే ఊట కంటే ఎక్కువ తోడేసి, నీళ్లకు బదులు గాలి లాగుతుంది. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) రక్షణ పదేపదే మోటారు ఆపేస్తుంది. ఆ రక్షణ కూడా లేకపోతే మోటారే కాలిపోతుంది.

మోటారును 310 అడుగుల దగ్గర దింపాం. కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్లది అడిగి తీసుకున్నాను. వంద మీటర్ల పొడవులో 2.5 సైజు వోల్టేజీని తినేస్తుంది.

ప్యానెళ్లు దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలు. వేపచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరుస మొత్తం ఇచ్చే కరెంటు పడిపోతుంది. మాకు 335 వాట్లవి తొమ్మిది, ఒకే వరుసలో. లోడు లేనప్పుడు 400 వోల్టులు దాటే డీసీ. మోటారు నడుస్తుండగా కనెక్టర్ ఊడదీయకండి, నిప్పు లేస్తుంది, ప్రాణాలకే ముప్పు.

దుమ్ము వారానికోసారి కడగాలి, అదీ తెల్లవారుజామునే. ఎండలో బోరునీళ్లు చల్లితే ఆరి ఉప్పు చారలు కడతాయి. అద్దం మీంచి అవి ఓ పట్టాన వదలవు.