హొరమావులో మూడు బాతులు, రెండు పెద్దబాతులు: ఆరు నెలల పెంపకం

డిసెంబరు మొదటి వారంలో హొసకోటె దగ్గర ఒక రైతు వద్ద ఐదు రోజుల వయసున్న మూడు ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతుపిల్లలను, రెండు పెద్దబాతు పిల్లలను కొని బెంగళూరు హొరమావులోని మా ఇంటికి తెచ్చాను. పక్కనే పెదనాన్నగారి ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవున్న స్థలం ఖాళీగా ఉండడం, చుట్టూ ప్రహరీ ఉండడం వల్లనే ఈ పనికి పూనుకున్నాను. మా అమ్మ బాతుపిల్లలకు బూరె, గారె, జంతిక అని, పెద్దబాతు పిల్లలకు శంఖు, వెన్నెల అని పేర్లు పెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థలో విచారించుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడ కోళ్లతో పాటు బాతుల పెంపకం కూడా జరుగుతుంది.

ఆ నెలలో బెంగళూరు రాత్రులు 16 డిగ్రీల దాకా చల్లబడతాయి కాబట్టి, ఒక పెద్ద అట్టపెట్టెలో వరిపొట్టు పరచి, పైన 60 వాట్ల బల్బు వేలాడదీసి, మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 32 డిగ్రీల వేడి ఉండేలా చూశాను. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోయాను. థర్మామీటరు కంటే పిల్లల పడకే నమ్మదగిన కొలత: బల్బు కింద గుట్టగా చేరితే చలి అనీ, మూలలకు పోయి ముక్కులు తెరిస్తే వేడి ఎక్కువైందనీ అర్థం. తాగే నీటి గిన్నె మాత్రం ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి, లేకపోతే అవి ముక్కును శుభ్రం చేసుకోలేవు.

మూడో వారంలో బూరె కుంటడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు వేసి కూర్చునేది, కాళ్లు మోకాళ్ల దగ్గర వంగినట్లు కనబడేవి. తప్పు నాదే. బజారులో దొరికిన కోడిపిల్లల స్టార్టర్ మేతనే ఇవ్వడం వల్ల నియాసిన్ అనే బి విటమిను చాలలేదు. బాతుపిల్లలకు కిలో మేతలో సుమారు 55 మిల్లీగ్రాముల నియాసిన్ కావాలి, కోడిపిల్లలకు అంత అవసరం లేదు. మనుషుల్లో ఇదే విటమిను లోపిస్తే చర్మం, పేగులు, మెదడు దెబ్బతినే పెల్లాగ్రా అనే వ్యాధి వస్తుంది. జొన్నలు ప్రధానాహారంగా తినే మన దక్కను ప్రాంతపు పేదల్లో ఆ వ్యాధి ఎందుకు కనబడేదో హైదరాబాదులో పరిశోధించిన పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ గురించి చదివిన నాకు, అదే లోపం నా చేతుల మీదుగా ఒక చిన్న పక్షికి రావడం చాలా బాధ కలిగించింది. పశువైద్యులు చెప్పిన మోతాదులో బ్రూవర్స్ ఈస్టును (బీరు తయారీలో వాడే ఈస్టు) తడి మేతలో కలిపి పెట్టాక పది రోజుల్లో అది మిగిలిన వాటితో సమానంగా నడవసాగింది. ఆలస్యం చేసి ఉంటే ఆ వంకర శాశ్వతంగా ఉండిపోయేది.

మేత విషయంలో మరొక జాగ్రత్త ఉంది. బూజు పట్టిన మొక్కజొన్న గాని, పాత వేరుశనగ చెక్క గాని బాతులకు ఎన్నడూ పెట్టకూడదు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు, వాటితో పాటు బాతుపిల్లలు కూడా చనిపోయినప్పుడే, వేరుశనగ పిండిలోని బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. ఆ విషాన్ని తట్టుకునే శక్తి బాతులకు చాలా తక్కువ.

ఇక మచ్చిక సంగతి. నేను ఈ పక్షులను తెచ్చుకున్నదే దాని కోసం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గుడ్డు నుంచి బయటపడిన తొలి గంటల్లో చూసిన కదిలే జీవిని పిల్లలు తల్లిగా భావిస్తాయని గ్రేలాగ్ జాతి పెద్దబాతుల మీద చేసిన పరిశీలనలతో ఆస్ట్రియా జంతు శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ ప్రసిద్ధి చేశారు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. నా పిల్లలు ఆ గడియ దాటిన తరువాత వచ్చినవి, అందువల్ల వాటి నమ్మకాన్ని నేను రోజూ కొంచెం కొంచెంగా సంపాదించుకోవలసి వచ్చింది. నా దృష్టిలో అదే మేలు. ఒంటరిగా మనుషుల మధ్యే పెరిగిన మగ పెద్దబాతు ఎదిగాక మనుషులనే తన జాతిగా, తన పోటీదారులుగా చూడవచ్చు. తోటి పక్షులతో పెరిగినది మాత్రం మనిషిని స్నేహితుడిగా ఉంచుకొని, తన జత కోసం తన జాతి వైపే చూస్తుంది.

రోజూ సాయంత్రం అరగంట నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చునేవాణ్ణి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, సన్నగా తరిగిన తోటకూర అందులో తేలేలా వేసి, మొదటి వారం పళ్లేన్ని దూరంగా, రెండో వారం మోకాలి దగ్గర, మూడో వారం అరచేతి మీద ఉంచాను. మా అమ్మమ్మ కోళ్లను పిలిచే "బా బా బా" పిలుపునే ప్రతిసారీ వాడాను. చేయి పైనుంచి దిగితే వాటికి గద్ద నీడ గుర్తుకొస్తుంది కాబట్టి ఎప్పుడూ పక్కనుంచి, కిందుగానే చాపాలి. ఎన్నడూ తరిమి పట్టుకోలేదు. ఒకసారి చుట్టాల పిల్లవాడు గారెను తరిమితే, అది నా చేతి దగ్గరకు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎత్తుకోవలసి వస్తే ఒక చేత్తో పొట్ట కింద కాళ్లకు ఆధారమిచ్చి, రెక్కలను మన ఒంటికి ఆనించి పట్టుకోవాలి. మెడను గాని, కాళ్లను గాని పట్టి ఎత్తకూడదు.

ఐదో వారంలో శంఖు ఎడమ రెక్క కొన బయటికి తిరిగింది. మాంసకృత్తులు ఎక్కువై, ఈకల బరువు ఎముక బలాన్ని మించినప్పుడు ఇలా జరుగుతుంది. మేతలో స్టార్టర్ తగ్గించి, గరిక, పాలకూర పెంచి, రెక్కను సహజంగా మడిచి మెత్తటి కట్టు కట్టి ఐదు రోజులు ఉంచితే సరిపోయింది.

నీటి కోసం 40 సెంటీమీటర్ల లోతున్న ప్లాస్టిక్ తొట్టి పెట్టాను. 2024 మార్చి కరువులో తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్న నగరంలో ఉంటున్నాం కాబట్టి, వాననీటి సంపు నుంచే తొట్టి నింపి, రెండు రోజులకొకసారి ఆ మురికి నీటిని అరటి మొక్కలకు వదులుతున్నాను. వాటికి అంతకంటే మంచి ఎరువు లేదు. తల్లి లేని పిల్లల నూగుకు నూనె పూత ఉండదు కనుక మొదటి నెలలో పది నిమిషాలకు మించి ఈతకు వదల్లేదు.

రాత్రి గూటికి కోళ్ల జాలీ చాలదు, ముంగిస దాన్ని తేలికగా తోసుకొని వస్తుంది. అందువల్ల అరంగుళం కన్నులున్న వెల్డ్ మెష్ (అతికించిన గట్టి ఇనుప వల) బిగించి, పందికొక్కులు తవ్వకుండా దాన్ని అడుగున్నర లోతు భూమిలోకి దించాను. కాంక్రీటు నేల మీద పాదాలకు పుండ్లు పడతాయి కాబట్టి గూటిలో ఇసుక మీద వరిపొట్టు పరిచాను.

నాలుగో నెలలో జంతిక తోక మీద ముంగురులా ఒక ఈక వంకీ తిరిగింది, గొంతు బొంగురుపోయింది. అంటే అది మగది. గారె, బూరె గట్టిగా అరుస్తాయి, ఆడవి. ఒక మగబాతుకు ఇద్దరే తోడు కావడం తక్కువే గనుక మరో రెండు ఆడ బాతుపిల్లలను తెచ్చే ఆలోచనలో ఉన్నాను.

మే మూడో వారంలో బూరె మొదటి గుడ్డు పెట్టింది. తూకం 58 గ్రాములు. బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి కాబట్టి ఎనిమిది గంటల దాకా గూడు తెరవడం లేదు. నిన్న తెరవగానే నాలుగూ తొట్టి వైపు పరుగెత్తాయి. బూరె ఒక్కటే వచ్చి నా పాదం మీద ముక్కు ఆనించి నిలబడింది, నేను కూర్చునే దాకా కదలలేదు.