కలుపు పీకేముందు కాడ తడిమి చూడండి

చలి తగ్గి నేల కాస్త వెచ్చబడిందంటే చాలు, కుండీల్లో మడుల్లో మనం నాటనివన్నీ మొలుస్తాయి. మట్టి తిరగేసిన చోట ఇంకా ఎక్కువ, ఎందుకంటే లోపల ఎప్పటినుంచో పడి ఉన్న విత్తనాలు పైకొచ్చి, కాస్త వెలుతురు తగలగానే లేస్తాయి. అందుకే మడి తవ్వి, తడిపి, ఓ పది పన్నెండు రోజులు ఊరికే వదిలేసి, వచ్చిన మొలకల్ని పైపైన గీకేసి, అప్పుడు విత్తనాలు వేసుకోమని అందరికీ చెబుతుంటాను. మళ్లీ లోతుగా తవ్వకూడదు, తవ్వితే ఇంకో విడత పైకొస్తుంది.

అయినా కొన్ని వస్తాయి. వాటిలో లాగితే పోయేవి ఉన్నాయి, లాగితే పెరిగేవీ ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. కాడ ఎలా ఉంది, తుంచితే పాలు వస్తున్నాయా, వేరు ఎక్కడిదాకా పోయింది, ఇవి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ముందు తుంగ సంగతి చెప్పాలి. చూడ్డానికి అచ్చం గడ్డే. పూకాడని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి, మూడు అంచులు స్పష్టంగా తగులుతాయి. గడ్డి కాడ అలా ఉండదు, గుండ్రంగానో కాస్త చదునుగానో ఉండి మధ్యలో కణుపులు కనిపిస్తాయి, తుంగకి ఆ కణుపులే ఉండవు. పట్టుకుని లాగితే హాయిగా ఊడొచ్చేస్తుంది, అక్కడే మోసపోతాం, చేతికొచ్చింది ఆకులు మాత్రమే. మట్టి బాగా తడిపి, కాస్త దూరంగా చిన్న పార దించి, నెమ్మదిగా పైకి లేపి చూడండి: నల్లటి గరుకు గడ్డలు, వాటిని కలుపుతూ సన్నటి తీగలు, గొలుసులా ఒకదాని వెంట ఒకటి. ఆ తీగ తెగిందంటే అప్పటిదాకా కిమ్మనకుండా ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. కాబట్టి మొత్తం గొలుసు తీయగలిగితే తీయండి. మడి అంతా పాకిపోయి ఉంటే మాత్రం ఆకు కనిపించిన ప్రతిసారీ తీసేస్తూ పోవడమే, గడ్డలో దాచుకున్నది అయిపోయేదాకా. పైన ప్లాస్టిక్ షీట్ పరిస్తే చస్తుందనుకోకండి, దాని మొలక సూదిగా ఉంటుంది, పల్చటి షీట్‌ని పొడుచుకుని వచ్చేస్తుంది.

గరికదీ ఇలాంటి మొండితనమే, పైన పాకే తీగ, కింద పాకే వేరు, ప్రతి కణుపు దగ్గరా కొత్త మొక్క. పార పెట్టి ముక్కలు చేయకండి, తీగ వెంబడి చేత్తో వెళ్తూ తీయండి.

గంగపాయల కూరకి, నానబాలుకి తేడా మాత్రం తప్పకుండా తెలిసుండాలి, ఎందుకంటే మొదటిది కూరలో వేసుకుంటాం, రెండోది కాదు. నేలకి పరుచుకునే రకం నానబాలు లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఎర్రటి కాడలతో, పక్కపక్కనే కూడా ఉంటాయి. గంగపాయల ఆకు మందంగా, నున్నగా, నీళ్లు నిండినట్టు ఉంటుంది, కాడ విరిస్తే నీరే వస్తుంది. నానబాలు కాడ సన్నం, విరిస్తే తెల్లటి పాలు. ఆ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే ఇంకా ప్రమాదం, పాలు కనిపించాయంటే తినే ఆలోచనే వద్దు. గంగపాయలలా కనిపించే మూడోది గలిజేరు, దానికి ఎదురెదురుగా ఉండే ఆకుల జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

పులిచింత ముచ్చటగా ఉంటుంది, గుండె ఆకారంలో మూడేసి ఆకులు, చిన్న పసుపు పూలు. నర్సరీ నుంచి తెచ్చిన కుండీలో ఒక మూల ఉందేమో చూసుకోండి, చాలాసార్లు అలాగే ఇంట్లోకి వస్తుంది. నిటారుగా నిలబడ్డ కాయలు ఎండాక ముట్టుకోగానే చిట్లి విత్తనాలు దూరంగా పడతాయి, పీకేదేదో పూత మీద ఉండగానే పీకేయండి. నేల ఉసిరి సులువు, రెమ్మ తిప్పి చూస్తే కింద వరసగా బుల్లి కాయలు, లాగితే వేరుతో సహా వస్తుంది.

వయ్యారిభామ విషయంలో మాత్రం నేను ఊరుకోను. మొదట్లో నేలకి ఆనుకుని గుండ్రంగా పరుచుకున్న చీలికల ఆకులే ఉంటాయి, క్యారెట్ మడిలో ఉంటే కనిపెట్టడం కష్టం. ఆకు కాస్త నలిపి చూడండని చాలామంది అంటారు, క్యారెట్ అయితే క్యారెట్ వాసనే వస్తుంది నిజమే, కానీ అనుమానం ఉన్నదాన్ని వట్టి చేత్తో నలపొద్దు, గ్లవుజులు వేసుకోండి. చాలామందికి దీని వల్ల ఒళ్లంతా దురద, దద్దుర్లు, పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వస్తాయి. తెల్లటి చిన్న పూలు కనిపించేదాకా ఆగితే ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాల్చేస్తుంది.

పీకినవాటిని మడి గట్టు మీదే వదిలేసి వెళ్లకండి. గంగపాయల తడి మట్టి తగిలితే మళ్లీ వేళ్లు తొడుక్కుంటుంది. తుంగ గడ్డల్ని, గరిక తీగల్ని కంపోస్టులో వేయొద్దు, గచ్చు మీద ఎండలో పరిచి పూర్తిగా ఎండి పెళపెళలాడేదాకా ఉంచి అప్పుడు పారేయండి.