ఒకటే నాక్టర్న్, మూడు ఊర్లు, ఊరికో గీత

"మూడూ ఒకటే గదన్నా, మూడు సెట్లు దేనికి" అన్నాడు బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపు అబ్బాయి. చూసేదానికి ఒకటే. షోపాన్ అనే పాతకాలం పియానో స్వరకర్త, ఆయన ఓపస్ 9 అనే కట్టలో రెండో నాక్టర్న్, అంటే రాత్రిని తలపించే నెమ్మదైన పియానో రచన. దాని అచ్చు ప్రతులివి, పారిస్‌లో వేసింది ఒకటి, లైప్‌జిగ్‌ది ఒకటి, లండన్‌ది ఒకటి, మూడూ 1832-33 నాటివి.

దీనికంతా కారణం మా పియానో సారు. స్లర్ అయ్యేలోపలే చెయ్యి ఎత్తేస్తావేందిరా అని నెల నుంచి ఒకటే తిట్లు. స్లర్ అంటే నోట్ల మీద విల్లు మాదిరి ఉంటాదే ఆ గీత, దాని కింద ఉండేవన్నీ ఒకే ఊపిరిలో పలకాల. నా పుస్తకంలో అది బార్లు, అంటే నిలువు గీతల మధ్య ఉండే తాళం గళ్లు, దాటుకుని పోతానే ఉంటాది, నాకు ఊపిరి ఆడదు. ఇది షోపాన్ గీసిందేనా అని డౌటొచ్చింది.

రాత్రి ఫ్యాన్ ఆపేసి, లేకుంటే అన్నీ ఎగిరిపోతాయి గదా, హాలంతా పరిచి చూసినా. నోట్లు ఇంచుమించు ఒకటే. గీతలే తగువు. ఒకదాంట్లో బార్ చివర ఆగితే ఇంకోదాంట్లో పక్క బార్‌లోకి పాకింది. నా పుస్తకంలోని పొడుగాటి గీత మాత్రం మూడింట్లోనూ లేదు, తర్వాత ఎవరో ఎడిటర్ పెట్టింది.

అప్పట్లో కాపీరైట్ దేశం సరిహద్దు దాటేది కాదు, అందుకే షోపాన్ ముగ్గురు పబ్లిషర్లకి విడివిడిగా అమ్ముకునేవాడు. ఒక్కో ఊర్లో అచ్చు వేసే లోహపు పలక మళ్లీ కొత్తగా చెక్కాల, అదీ అద్దంలో మాదిరి తిరగేసి. నోటు తల అచ్చుతో కొట్టేస్తారు, స్లర్ మాత్రం చేత్తో ఉలి పట్టి గీయాల్సిందే, చెయ్యి రవ్వంత ముందు ఆగితే ఊపిరి అక్కడ తెగినట్టే. పేజీలో లైను ఎక్కడ తెగుతాదో కూడా ఊరికో తీరు, లైను మారే చోట గీత కొనసాగిందో కొత్తది మొదలైందో చాలాసార్లు తెలీదు. లండన్ పబ్లిషర్ వెస్సెల్ అయితే 'సీన్ నది గుసగుసలు' అని పేరు కూడా తగిలించినాడు, ఆయన పెట్టే పేర్ల మీద షోపాన్ 1841లో ఉత్తరంలో మండిపడినాడు పాపం.

మనకీ పలకల కథ ఉంది గదా, అన్నమయ్య రాగిరేకులు. రాగం పేరు ఉంటాది, స్వరం ఉండదు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు లాంటోళ్లు వరస కట్టినారు, అది వాళ్లు కట్టిన వరసే అని అందరికీ తెలుసు. ఈ ఎడిటర్ గీత అట్లా కాదు, షోపాన్ గీతల్లో కలిసిపోయి కూర్చుంది, కనీసం ఇది ఎడిటర్‌ది అని తెలిసేలా చుక్కల గీతగా వేసున్నా నాకు ఒక నెల తిట్లు తప్పేవి.

అట్లని ఆ మూడింట్లో ఏది సరైనది అంటే చెప్పలేను. షోపానే తన శిష్యుల పుస్తకాల్లో పెన్సిల్‌తో మార్పులు రాసిచ్చేవాడు, ఈ నాక్టర్న్‌కైతే మరీ ఎక్కువ.

క్లాసుకి మూడూ తీసకపోయి చూపించినా. సారు కళ్లజోడు పైకి తోసి చానాసేపు చూసినాడు, ఏం మాట్లాడలా. తర్వాత పెన్సిల్ తీసి నా పుస్తకంలో ఒకే ఒక చోట స్లర్‌ని అడ్డంగా కొట్టి, "ఈడ ఎత్తు. మిగతాదంతా నేను చెప్పినట్టే" అన్నాడు.